మా కుక్క ఏమీ అనదండీ!

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో డాగ్ పార్కు గొడవలే ఎక్కువ. కుక్కలు ఓసారి కరుచుకుని మర్చిపోతున్నాయి గానీ వాటిని తీసుకొచ్చినవాళ్లు మాత్రం నెలల తరబడి ముఖాలు తిప్పుకుని తిరుగుతున్నారు. ఒకేలాంటి ఉత్తరాలు కలిపేసి కొన్నింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. మనుషుల పేర్లు తీసేశాను. కుక్కల పేర్లు ఉంచాను, వాటికేమీ అభ్యంతరం ఉండదనుకుంటాను.

ప్రశ్న: మా చిన్ని రెండేళ్ల స్పానియల్. సాయంత్రం పార్కుకి తీసుకెళ్తే ఒక పెద్ద షెపర్డ్ దీన్నే పట్టుకుని తరుముతుంది. ఇది వెళ్లి బెంచీ కింద దూరుతుంది, అది బెంచీ చుట్టూ తిరుగుతూ మొరుగుతుంది. దాని యజమాని ఫోన్లోంచి తల కూడా ఎత్తకుండా "ఆడుకుంటున్నాయండీ, మావాడు ఏమీ అనడు" అంటాడు. మొన్న కాస్త గట్టిగా అడిగితే "అంత పిరికి కుక్కని ఇక్కడికెందుకు తెస్తారు" అని నలుగురిలో అనేశాడు. ఏడుపొచ్చింది. నేనే అతిగా ఆలోచిస్తున్నానా?

జవాబు: లేదండీ. బెంచీ కింద దూరిన కుక్క ఆడుకోవడం లేదు, దాక్కుంటోంది.

ఆట ఎలా ఉంటుందో చెప్తాను, ఒక్కసారి గమనించడం అలవాటైతే ఇక ఎవరినీ అడగక్కర్లేదు. ఆడుకునే కుక్క ఒళ్లు వదులుగా ఉంటుంది, నోరు సగం తెరిచి ఉంటుంది, పరుగు కూడా అవసరం లేకపోయినా ఎగురుతూ గెంతుతూ ఉంటుంది. ముందుకాళ్లు నేలకి ఆనించి వెనక భాగం పైకెత్తుతుంది చూడండి, అది "రా, ఆడుకుందాం" అని పిలవడం. మధ్యమధ్యలో రెండూ ఆగుతాయి, ఒళ్లు దులుపుకుంటాయి, నేల వాసన చూస్తాయి, మళ్లీ మొదలుపెడతాయి. అన్నిటికంటే ముఖ్యం, వంతులు మారతాయి. కాసేపు ఇది తరిమితే కాసేపు అది తరుముతుంది, పెద్ద కుక్క కావాలనే వెల్లకిలా పడుకుని చిన్నదానికి అవకాశమిస్తుంది. ఎప్పుడూ ఒకటే తరుముతూ ఎప్పుడూ ఒకటే పారిపోతుంటే దాన్ని ఆట అనం.

తోక ఊపుతోంది కాబట్టి సంతోషంగా ఉందనే మాటని మాత్రం నమ్మకండి. తోక పైకి నిక్కి, బిర్రుగా, చిన్నచిన్నగా కదులుతుంటే ఆ కుక్క ఉద్రేకంలో ఉన్నట్టు. ఇటలీ పరిశోధకులు 2007లో గమనించింది ఇంకా తమాషాగా ఉంటుంది. కుక్కలు తమ యజమానిని చూసినప్పుడు తోకని ఎక్కువగా కుడివైపుకి, తమని బెదిరించేలా కనిపించే కొత్త కుక్కని చూసినప్పుడు ఎక్కువగా ఎడమవైపుకి ఊపాయట. పార్కులో నిలబడి కుడా ఎడమా అని లెక్కపెట్టమనడం లేదు, తోక ఒక్కటే చూసి నిర్ణయానికి రావద్దంటున్నాను. పెదాలు పదేపదే నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, తల పక్కకి తిప్పేసి కంటి తెల్లగుడ్డు కనిపించేలా చూడడం, తోక కాళ్ల మధ్యకి ముడుచుకోవడం, ఇవన్నీ "నాకిది ఇష్టం లేదు" అనడమే. అవతలి కుక్క ఒక్కసారిగా కదలకుండా బిగుసుకుపోయి చూపు నిలిపేస్తే మాత్రం ఆలోచిస్తూ కూర్చోకండి, వెంటనే మీదాన్ని పిలిచేయండి.

అనుమానం తీరకపోతే ఒక పరీక్ష ఉంది. తరిమే కుక్కని దాని యజమానినే పది సెకన్లు పట్టుకోమనండి. రెండోది ఆగి, వెనక్కొచ్చి, "ఏం, వదలవా" అన్నట్టు చూస్తే అది ఆటే, వదిలేయొచ్చు. ఇదే సందనుకుని దూరంగా జారుకుంటే ఇక వాదన అక్కర్లేదు. ఈ పరీక్షలో సుఖమేంటంటే తీర్పు మీరు చెప్పక్కర్లేదు, చిన్నియే చెప్తుంది.

ఇక ఆ ఫోను పెద్దమనిషి సంగతి. "మీ కుక్క రౌడీలా ఉంది" అని మొదలుపెడితే ఆయన తన కుక్క తరఫున వాదించడం మొదలుపెడతాడు, ఎవరైనా అంతే. ఆయన కుక్క గుణం గురించి ఒక్క మాటా అనకండి, మీ కుక్కకి ఏం కావాలో చెప్పండి: "మా చిన్ని అలిసిపోయిందండీ, ఒక రెండు నిమిషాలు మీవాణ్ణి పిలుస్తారా?" చాలామంది పిలుస్తారు. పిలిచినా ఆ కుక్క రాకపోతే అది ఆయనకే తెలిసొస్తుంది, మీరు చెప్పే పని తప్పుతుంది. ఆయన పిలవకపోతే మీరు చిన్నికీ ఆ షెపర్డ్‌కీ మధ్యలో నిలబడి, దానివైపు పక్కకి తిరిగి, చిన్నిని తీసుకుని నెమ్మదిగా బయటికి నడవండి. చంకనెత్తుకుని పరిగెత్తకండి, ఎత్తుకున్న కుక్క కోసం అవతలిది మీ మీదికి ఎగురుతుంది.

వెళ్లిపోతే ఓడిపోయినట్టు అనిపిస్తుందని ఇంకో ఇద్దరు పాఠకులు కూడా రాశారు. ఎవరికి ఓడిపోయారండీ? చిన్నికి మీరు పక్కన ఉన్నారన్న నమ్మకం మిగలాలి, ఆయన దగ్గర పరువు సంగతి తర్వాత చూసుకోవచ్చు. వేళ మార్చి వెళ్లండి. చిన్న కుక్కలకి వేరే ఆవరణ ఉంటే అక్కడికే వెళ్లండి. సైజులో బాగా తేడా ఉన్న రెండు కుక్కలు స్నేహంగానే ఆడుకుంటున్నా, చిన్నది కీచుమని పరిగెత్తిందంటే పెద్దదానిలో వేటాడే బుద్ధి మేలుకోవచ్చు. అందులో ఎవరి పెంపకం తప్పూ ఉండదు, కానీ నష్టం చిన్నదానికే.

ప్రశ్న: రెండు కుక్కలు కొట్టుకుంటుంటే మా రాజాని కాలర్ పట్టి లాగబోయాను. రాజాయే నా చేతిని కరిచింది, ఐదేళ్లుగా ఏనాడూ నన్ను కరవలేదు. కుట్లు పడ్డాయి. ఇంట్లోవాళ్లు దాన్ని వదిలించుకోమంటున్నారు. అసలు అలాంటప్పుడు ఏం చెయ్యాలి?

జవాబు: ముందు రాజా సంగతి. ఆ క్షణంలో దానికి మీరు కనిపించలేదు, మెడ దగ్గర ఏదో తగిలింది, తిరిగి కరిచింది, అంతే. కొట్లాటలో ఉన్న కుక్క కాలర్ పట్టుకుంటే ఎంత మంచి కుక్కయినా అలా చెయ్యొచ్చు. ఈ ఒక్క కాటు చూసి దాన్ని వదిలించుకోవడం అన్యాయమని ఇంట్లోవాళ్లకి నా మాటగా చెప్పండి.

ఇక కొట్లాట గురించి. చాలా గొడవలు చూడ్డానికి భయంకరంగా ఉంటాయి, చప్పుడు ఆకాశాన్నంటుతుంది, కొన్ని సెకన్లలో అవే విడిపోతాయి, చూస్తే గాయమే ఉండదు. అందుకని మొదటి పని కేకలు పెట్టకపోవడం. చుట్టూ పదిమంది గోల చేస్తుంటే కుక్కలకి అది ఇంకా ఎక్కించినట్టే ఉంటుంది. చుట్టుపక్కల కుక్కల్ని వాటివాళ్లు వెంటనే పట్టుకోవాలి, ఎందుకంటే రెండు కుక్కల గొడవలో మూడోది దూరిందంటే పరిస్థితి మారిపోతుంది.

విడిపోకపోతే చెయ్యి పెట్టకుండా చెయ్యగలిగినవి ముందు చెయ్యండి. బకెట్ నీళ్లుంటే ముఖాల మీద కొట్టండి. పెద్ద చప్పుడు ఏదైనా ఒక్కసారి చెయ్యండి. అట్ట, చెత్తబుట్ట మూత, మడత కుర్చీ, ఏది దొరికితే అది రెండింటి మధ్యలోకి తొయ్యండి. మీద కోటు గానీ దుప్పటి గానీ పడేసినా ఒక్కోసారి పట్టు వదులుతాయి. ఇవేవీ పనిచేయకపోతే ఇద్దరు మనుషులు కావాలి. ఎవరి కుక్క వెనక్కి వాళ్లు వెళ్లి, వెనక తొడలు రెండూ పైభాగంలో పట్టుకుని నేల మీంచి లేపి, ఇద్దరూ ఒకేసారి వెనక్కి నడవాలి, అదీ తిన్నగా కాదు, కొంచెం వంపు తిరుగుతూ. అలా అయితే కుక్క తన కాళ్లు నిలదొక్కుకోవడంలోనే ఉంటుంది, వెనక్కి తిరిగి కరవడానికి వీలు తక్కువ. దూరం వెళ్లి లీష్ వేసేదాకా వదలకూడదు. వదిలారా, మళ్లీ మొదలు. ఒక కుక్క రెండోదాన్ని గట్టిగా పట్టేసి ఉంటే మాత్రం లాగకండి, లాగితే కండ చీలుకుపోతుంది. పట్టు సడలేదాకా కదలకుండా పట్టుకుని ఉండి, సడలగానే వెనక్కి తీయాలి. ఇది కూడా ప్రమాదం లేని పనేమీ కాదు. ధైర్యం చాలకపోతే చెయ్యకండి, సిగ్గుపడాల్సింది లేదు. తన్నడం, కర్రతో కొట్టడం మాత్రం వద్దు, ఆ నొప్పి కూడా అవతలి కుక్క పెట్టిందే అనుకుని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

మీ చేతి గురించి ఒక మాట. కుక్క కాటుని, సొంత కుక్కదైనా సరే, సబ్బు పెట్టి పారే నీళ్ల కింద కనీసం 15 నిమిషాలు కడగాలి, అదే రోజు డాక్టరుకి చూపించాలి. రేబిస్ లక్షణాలు ఒకసారి మొదలయ్యాక బతికించే వైద్యం దాదాపు లేనట్టే, ముందు జాగ్రత్త తీసుకుంటే మాత్రం పూర్తిగా ఆపగలం. కరిచిన కుక్కకి వ్యాక్సిన్ వేయించామన్నా సరే, మీకు ఇంజక్షన్ అవసరమా కాదా అన్నది డాక్టరు తేల్చాలి, మీరు కాదు, పార్కులో అనుభవజ్ఞులు అసలే కాదు. కరిచిన కుక్కని పది రోజులు గమనించమంటారు, దాని యజమాని ఫోన్ నంబరు తీసుకోవడానికి ఇదొక పెద్ద కారణం. చేతి కాట్లు త్వరగా చీము పడతాయి, మర్నాటికే ఎర్రబడి వాచిందంటే ఆలస్యం చెయ్యకండి.

కుక్కకైతే పైకి కనిపించే గాయాన్ని చూసి ధైర్యపడకండి. కోరపన్ను దిగిన చోట చర్మం మీద చిన్న చిల్లే ఉంటుంది, లోపల మాత్రం చర్మం కండ నుంచి ఊడిపోయి పెద్ద సంచిలా అయి ఉండొచ్చు. ఇంటికెళ్లాక మెడ, చెవుల వెనక, చంకల కింద జుట్టు విడదీసి వేళ్లతో తడిమి చూడండి. తడిగా అంటుకుపోయిన జుట్టు తగిలితే అదే చోటు. పెద్ద కుక్క చిన్నదాన్ని నోట కరుచుకుని విదిలించి ఉంటే చిల్లు కనిపించకపోయినా వెంటనే వెట్ దగ్గరికి తీసుకెళ్లాలి, లోపలి దెబ్బలు బయటికి తెలియవు.

ఇంకోటి. గొడవయ్యాక "రండి, స్నేహం చేసుకోండి" అని రెండింటినీ ముఖాముఖి తీసుకొచ్చేవాళ్లు ఉంటారు. దయచేసి వద్దు. ఆ ఉద్రేకం ఒంట్లోంచి దిగడానికి టైం పడుతుంది, ఒకట్రెండు రోజులు పార్కే వద్దు, ఇంటి చుట్టుపక్కల నెమ్మదిగా నడిపించండి.

ప్రశ్న: నేను రెండో పక్షం. మా బ్రూనో మూడేళ్ల మగకుక్క, చిన్నప్పుడు అందరితో కలిసిపోయేది. ఏడాదిగా దాని బంతి దగ్గరికి ఏ కుక్క వచ్చినా గుర్రుమంటోంది, రెండుసార్లు మీద పడింది. ఇప్పుడు మేం గేటు తీయగానే అందరూ లేచి లీష్‌లు వెతుక్కుంటున్నారు. తిడితే గుర్రుమనడం ఆపుతుంది గానీ మీద పడడం ఆగలేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఈ ఉత్తరం రాసినందుకు మిమ్మల్ని మెచ్చుకోవాలి. ఈ పక్షం వాళ్లు రాయడం చాలా అరుదు, అందరి కుక్కా ఏమీ అనదు కదా.

మీ ఉత్తరంలో ఆఖరి వాక్యంలోనే అసలు సంగతి ఉంది. గుర్రుమనడం అంటే కుక్క ఇచ్చే హెచ్చరిక. దాన్ని తిట్టి తిట్టి మాన్పిస్తే కోపం అలాగే ఉండిపోతుంది, హెచ్చరిక పోతుంది. తర్వాత అది చెప్పాపెట్టకుండా మీద పడుతుంది, చూసినవాళ్లు "ఉన్నట్టుండి కరిచింది" అంటారు. అందుకని ఇకముందు గుర్రుమంటే తిట్టకండి, అరవకండి, దాన్ని పిలిచి దూరం తీసుకెళ్లండి.

బంతి ఇంట్లో వదిలి రండి. ఇంత తేలిక మందు ఇంకోటి లేదు, అయినా ఎందుకో అందరూ ఆఖర్నే వాడతారు. తనదనుకున్న వస్తువుకి కాపలా కాయడం కుక్కకి సహజం. ఇంట్లో ఒక్కతే ఉంటే బయటపడకపోవచ్చు, పది కుక్కల మధ్య బయటపడుతుంది. జేబులో బిస్కెట్లు కూడా వద్దు. ఒకరు జేబులో చెయ్యి పెట్టగానే నాలుగు కుక్కలు చుట్టూ చేరి, అందులో రెండు ఒకదాన్నొకటి ఓరగా చూసుకోవడం మీరూ గమనించే ఉంటారు, గొడవకి అంతకంటే ఏం కావాలి.

చిన్నప్పుడు కలిసిపోయేదన్నారు. కుక్కలు ఏడాది నుంచి మూడేళ్ల మధ్యలో పెద్దవుతాయి, అప్పుడు చాలావాటి ఇష్టాయిష్టాలు మారతాయి, కొత్త కుక్కల్ని సహించే ఓపిక తగ్గుతుంది. ఇది జబ్బు కాదు. అయితే ఓసారి వెట్‌కి చూపించండి, కీళ్ల నొప్పి, చెవి నొప్పి, పంటి నొప్పి ఉన్న కుక్క కూడా దగ్గరికొస్తే కసురుతుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను: బ్రూనోకి డాగ్ పార్కు అక్కర్లేదు. ఒకసారి మీద పడితే అనుకోకుండా జరిగిందనుకోవచ్చు, రెండోసారి జరిగాక కూడా తీసుకెళ్తే బాధ్యత మీదే. తెలిసిన ఒకటో రెండో కుక్కలతో కలిసి నడిపించండి, పొడవైన లీష్ వేసి ఖాళీ మైదానంలో పరిగెత్తించండి, మంచి ట్రైనర్ దొరికితే పని చేయించండి, అదీ కొట్టి నేర్పేవాళ్లు కాకుండా చూసుకుని. కుక్కకి రోజూ కొత్త స్నేహితులు ఉండి తీరాలన్నది మన సరదాయే. తప్పనిసరై మనుషులున్నచోటికి తీసుకెళ్లాల్సొస్తే మూతికి బుట్ట మజిల్ అలవాటు చెయ్యండి, నోరు తెరిచి రొప్పడానికీ నీళ్లు తాగడానికీ వీలున్నది. జనం ఏమనుకుంటారోనని చాలామంది మజిల్ వెయ్యరు. మజిల్ ఉన్న కుక్కని చూస్తే నాకైతే దాని యజమాని మీద గౌరవం కలుగుతుంది.

ప్రశ్న: రెండు చిన్న సందేహాలు. ఎదకొచ్చిన ఆడకుక్కని పార్కుకి తేవచ్చా? టీకాలు పూర్తికాని కుక్కపిల్లని తెస్తున్నవాళ్లకి ఎలా చెప్పాలి?

జవాబు: మొదటిదానికి, తేకూడదు. ఎద సుమారు మూడు వారాలు ఉంటుంది, ఆ మూడు వారాలూ వేరే చోట, లీష్ మీదే నడిపించాలి. రక్తస్రావం తగ్గింది కదా అని తెస్తారు కొందరు, నిజానికి కడుపొచ్చే అవకాశం ఎక్కువ ఉండేది అప్పుడే. మగకుక్కల మధ్య గొడవలు అదనం.

రెండోదానికి, పార్వో వైరస్ అని చెప్పండి చాలు. అది మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది, జబ్బు కుక్క ఎదురుగా లేకపోయినా అంటుకుంటుంది, కుక్కపిల్లల ప్రాణం తీస్తుంది. కుక్కపిల్లల టీకాలు సాధారణంగా 16 వారాల వయసుకో ఇంకొంచెం తర్వాతో పూర్తవుతాయి. "మీరు తప్పు చేస్తున్నారు" అనకుండా "అయ్యో, ఇంత ముద్దుగా ఉంది, దీనికి ఇక్కడేమైనా అంటుకుంటుందేమోనని భయంగా ఉందండీ" అనండి. వింటారు.

ప్రశ్న: పార్కు గేటు దగ్గర మా లాబ్రడార్‌ని ఇంకో కుక్క చెవి చీరేలా కరిచింది. మాది లీష్ మీదే ఉంది, అవతలిది వదిలేసి ఉంది. వెట్ ఖర్చు సగమైనా ఇమ్మంటే "మీ కుక్కే రెచ్చగొట్టింది" అంటున్నారు. పార్కు వాట్సాప్ గ్రూపులో అందరూ రెండు పార్టీలైపోయారు, రోజంతా అదే టెన్షన్. పోరాడనా, వదిలేయనా?

జవాబు: పోరాడొచ్చు, గ్రూపులో మాత్రం వద్దు. అక్కడ ఆయన మీకు డబ్బిచ్చాడంటే నలుగురి ముందు తప్పొప్పుకున్నట్టవుతుంది, ఆ భయానికే ఇవ్వడు. అక్కడ మీరు పెట్టినవేవైనా ఉంటే స్క్రీన్‌షాట్లు తీసి దాచుకుని, ఇక రాయడం ఆపేయండి.

గేటు దగ్గరే ఎందుకు జరిగిందో కూడా చూడండి. కొత్త కుక్క లోపలికి రాగానే లోపలున్నవన్నీ ఒక్కసారిగా మీదికొస్తాయి, ఇరుకు చోటు, తప్పుకోవడానికి దారి ఉండదు. అందులోనూ లీష్ మీదున్న కుక్క బిగుసుకుపోతుంది, పారిపోలేనని దానికి తెలుసు. మనం భయంతో లీష్ బిగిస్తే ఇంకా బెదురుతుంది. రెండు గేట్లున్న చోట మధ్య ఖాళీలోనే లీష్ తీసి లోపలికి వదలాలి, లోపల గుంపు ఉంటే అది చెదిరేదాకా బయటే ఆగాలి. ఇది మీ తప్పని చెప్పడం కాదు. వదిలేసిన కుక్కని గేటు నుంచి వెనక్కి పిలవాల్సిన బాధ్యత లోపలున్నవాళ్లదే, ఆ మాట మీద నిలబడండి.

కరిచినదానికి యజమాని ఎంతవరకు బాధ్యుడన్నది చోటుని బట్టి మారుతుంది, పార్కు బోర్డు మీద రాసిన నిబంధనలు ఫోటో తీసి పెట్టుకోండి. చూసినవాళ్లు ఇద్దరి చేత ఏం జరిగిందో రాయించుకోండి, వారం దాటితే ఎవరికీ సరిగ్గా గుర్తుండదు. వెట్ ఇచ్చిన కాగితంలో కాటు గాయమని, తేదీతో సహా ఉండేలా చూడండి. అవతలి కుక్కకి రేబిస్ టీకా వేసిన కాగితం అడగండి, డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా అది మాత్రం అడిగి తీసుకోవాల్సిందే.

తర్వాత ఆయనకి విడిగా, రెచ్చగొట్టింది ఎవరన్న ఊసెత్తకుండా ఒక్క మెసేజ్ పెట్టండి: "బిల్లు ఇంత అయింది, కాగితాలు పంపుతున్నాను, సగం మీరు భరిస్తే విషయం ఇక్కడితో వదిలేద్దాం." ఒక వారం చూడండి. జవాబు రాకపోతే పార్కు చూసుకునేవాళ్లకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, ఆ కుక్క మీద ఇదివరకు ఫిర్యాదులేమైనా ఉన్నాయేమో కూడా అప్పుడే అడగండి.